పంట పోయిన ఇంటితో హగ్గయి ఏమంటున్నాడు?

ప్రశ్న: మాది పల్నాడులో ఒక పల్లె. మా నాన్నగారు మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. మొదటి ఏడు నల్ల తామర పురుగు పూతంతా రాల్చేసింది. రెండో ఏడు కాయ కల్లంలో ఆరబోసి ఉండగా వాన పడి రంగు పోయింది. తాలు కింద ధర కట్టారు. ఈ మధ్య ఒక ఆదివారం మా చర్చి సంఘంలో బైబిలులోని ప్రవక్తల గ్రంథాల నుంచి హగ్గయి మొదటి అధ్యాయం, ఆ వెంటనే మలాకీ మూడో అధ్యాయం చదివి, దశమభాగం (రాబడిలో దేవునికిచ్చే పదో వంతు) ఎగ్గొట్టిన ఇంటి పొలం మీదికి దేవుడే పురుగును పంపుతాడని ప్రసంగించారు. పేరు చెప్పలేదు గాని అందరి చూపూ మా వైపే తిరిగింది. అప్పటి నుంచి నాన్నగారు సరిగా అన్నం తినడం లేదు. రెండేళ్ళ దశమభాగం బాకీ ఉందని, వడ్డీకి తెచ్చయినా ఇస్తానని అంటున్నారు. పంట పోవడం దేవుని తీర్పు అని ప్రవక్తలు నిజంగా చెప్పారా? చెప్పి ఉంటే అది మా గురించేనా?

సమాధానం: అమ్మా, ముందు అప్పు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగిలినవి నిదానంగా మాట్లాడుకోవచ్చు గాని వడ్డీ నిదానంగా పెరగదు. దశమభాగం కోసం మీ నాన్నగారిని అప్పు చేయనివ్వకండి. హెబ్రీ ధర్మశాస్త్రంలో దశమభాగం అంటే ఆ ఏడు పొలంలో పండిన దానిలో పదో వంతు (ద్వితీయోపదేశకాండం 14:22). పండని దానికి పదో వంతు లెక్క ఆ ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. పెట్టుబడి కూడా తిరిగిరాని రెండేళ్ళకు మీ ఇంటి మీద దశమభాగం బాకీ ఉందని చెప్పడానికి ఆ గ్రంథంలో ఆధారం దొరకదు. దీని మీద చెప్పవలసింది ఇంకా ఉంది, మలాకీ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇక మీ అసలు ప్రశ్న. మీకు ఓదార్పుగా ఉంటుందని, ప్రవక్తలు అలాంటి మాటే అనలేదని నేను రాయలేను. అన్నారు, ఒకరిద్దరు కాదు, దాదాపు అందరూ అన్నారు. వాన ఆగడం, కంకి ఎండడం, మిడుత దిగడం, విత్తింది తిరిగిరాకపోవడం దేవుడు తన ప్రజకు తీర్పు తీరుస్తున్నాడనడానికి గుర్తులని ఆమోసు, హోషేయ, యోవేలు, యిర్మీయా, హగ్గయి, మలాకీ చెప్పారు. వారందరి వెనకా ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం ఉంది. ఇశ్రాయేలు దేవునితో చేసుకున్న ఒడంబడిక మీరితే పైనున్న ఆకాశం ఇత్తడి అవుతుందని, కాళ్ళ కింది నేల ఇనుము అవుతుందని, విస్తారంగా విత్తి కొంచెమే ఇంటికి తెచ్చుకుంటారని, ద్రాక్షతోటను పురుగు తింటుందని అది వరుసగా చెబుతుంది. అక్కడ మన తెలుగు అనువాదం వాడిన 'కంకి కాటుక' (కంకి నల్లబడే తెగులు) అన్న మాట చూస్తే, ఆ అనువాదకులకు చేను తెలుసని నాకెప్పుడూ అనిపిస్తుంది. అయితే ఒక మాట గ్రంథంలో ఉండడం వేరు, ఆ మాటను మీ నాన్నగారి మూడెకరాల మీద పెట్టి చదవడం వేరు. ఆ తేడా తెలియాలంటే ఆ మాటలు పుట్టిన నేల దగ్గరికి ఒకసారి వెళ్ళి రావాలి.

ఆ నేలకు పెద్ద నది లేదు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, నైలు నీటిని కాలువలతో మళ్ళించి పైరు పెంచేవారు. యూదా కొండల్లో ఆ వీలు లేదు, వాన పడితే పంట, లేకపోతే లేదు. ఐగుప్తు నేలకూ ఈ నేలకూ ఉన్న ఈ తేడాను ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయమే విడమరిచి చెబుతుంది. అక్కడి వానలు శీతకాలపు వానలు. మన తెలుగు బైబిలులో 'తొలకరి' అని చదవగానే మనకు జూన్ నెల, నైరుతి గాలి, నాగలి గుర్తుకొస్తాయి. హెబ్రీలో 'యోరె' అనే ఆ తొలి వాన అక్టోబరు, నవంబరుల్లో పడి, ఎండకు బిగిసిన నేలను దున్నడానికి వీలుగా నానబెడుతుంది. 'మల్కోష్' అనే కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలల్లో గింజ పాలు పోసుకునే వేళ పడాలి. ఈ రెంటిలో ఏది తప్పినా ఆ ఏటికి గాదె ఖాళీ. 1908లో ఆ దేశంలోని గెజెరు అనే పాత పట్టణపు త్రవ్వకాల్లో చిన్న సున్నపురాతి పలక ఒకటి దొరికింది; క్రీ.పూ. 10వ శతాబ్దిదని చెప్పే ఆ పలక మీద రెండు నెలలు పంట కూర్చుకోవడం, రెండు నెలలు విత్తడం, రెండు నెలలు కడపటి విత్తు, ఒక నెల అవిసె కోత, ఒక నెల యవల (బార్లీ) కోత అంటూ ఏడాదంతా పొలం పనితోనే లెక్కించి రాశారు. రాజుల పేర్లూ పండుగల పేర్లూ అందులో లేవు. కాలాన్ని పైరుతో కొలుచుకునే అలాంటి జనంతో ప్రవక్త మాట్లాడాలంటే పైరు భాషలోనే మాట్లాడాలి గదా.

పైగా ఆ శాపాల భాష ఇశ్రాయేలువారికి మాత్రమే చెందింది కాదు. అష్షూరు (అస్సీరియా) రాజు ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో తన సామంతుల చేత ప్రమాణాలు చేయించి రాయించిన పలకలు 1955లో ఇరాక్‌లోని నిమ్రూదులో దొరికాయి. మాట తప్పితే నేల ఇనుమవుతుందని, ఇత్తడి ఆకాశం నుంచి వాన పడనట్టే మీ పొలాల మీద వాన గాని మంచు గాని పడకూడదని వాటిలో ఉంది. 1979లో సిరియాలోని తెల్ ఫెఖెరియె దగ్గర బయటపడిన క్రీ.పూ. 9వ శతాబ్దపు విగ్రహం మీది శాసనం, తన పేరు చెరిపినవాడు విత్తి కోయకుండా పోవాలని, నూరుమంది ఆడవాళ్ళు ఒక పొయ్యి మీద రొట్టె కాల్చినా అది నిండకూడదని శపిస్తుంది. పదిమంది స్త్రీలు ఒక్క పొయ్యిలో రొట్టె కాల్చి తూచి పంచుతారన్న లేవీయకాండం 26:26 మాటకు ఇది తోబుట్టువులా ఉంటుంది. నేనిదంతా ఎందుకు చెబుతున్నానంటే, పంట నష్టం శిక్ష అన్న భాష మొదట ఒప్పంద పత్రాల భాష. ఒక రాజ్యం, ఒక జనం ఉమ్మడిగా చేసిన ప్రమాణాన్ని మీరితే ఆ జనానికి ఉమ్మడిగా ఏమి జరుగుతుందో చెప్పే భాష. ఫలానా సర్వే నంబరులో ఫలానా రైతు పాపం ఎంత, దానికి తగ్గ దిగుబడి ఎంత అని లెక్క కట్టడానికి ఆ భాష పుట్టలేదు. ఆ ఒడంబడిక కనాను నేల గురించి ఇశ్రాయేలుతో జరిగింది, పల్నాడుతో జరగలేదు.

ఇప్పుడు హగ్గయి. మీ సంఘంలో చదివింది చిన్న పుస్తకం, రెండే అధ్యాయాలు; కాని తేదీలు ఇంత కచ్చితంగా వేసిన ప్రవక్తలు తక్కువ. పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండో ఏట ఆరో నెల మొదటి రోజు, అంటే క్రీ.పూ. 520 ఆగస్టు చివర, అతడు మాట్లాడాడు. బబులోనువారు యెరూషలేము ఆలయాన్ని కూల్చి అప్పటికి 66 ఏళ్ళు. బబులోను చెరనుంచి తిరిగి వచ్చినవారు పునాది పనులు మొదలుపెట్టి వదిలేశారు. ఆగస్టు చివర అంటే యవలు, గోధుమలు ఎప్పుడో ఇంటికి చేరి, ద్రాక్ష, అంజూరం చేతికి వస్తున్న రోజులు. ఆ ఏడు ఎంత తక్కువ పండిందో అందరికీ తెలిసిపోయిన రోజులు. మీరు విస్తారంగా విత్తారు, కొంచెమే పండింది. కూలివాని జీతం చిరుగు సంచిలో వేసినట్టుంది అని హగ్గయి అన్నది ఆ సమయంలో. రెండో అధ్యాయంలో ఇంకా దగ్గరికి వెళ్ళి చూపిస్తాడు: ఇరవై కొలతలు ఉంటాయనుకుని కుప్ప దగ్గరికి వస్తే పదే ఉన్నాయి, తొట్టిలో యాభై ఉంటుందని ముంచబోతే ఇరవయ్యే ఉంది. ధాన్యం సగానికి, ద్రాక్షారసం ఐదింట రెండు వంతులకు పడిపోయింది. కల్లంలో కుప్ప చూసి మనసులో క్వింటాళ్ళు లెక్క వేసుకుని, కాటా మీద బస్తాలు తక్కువ తేలిన మీ నాన్నగారికి ఈ వచనం ఎవరూ వివరించనక్కరలేదు.

కాని ఆ మాటలు ఎవరితో అన్నాడో చూడండి. మొదటి వచనంలోనే ఇద్దరి పేర్లు ఉన్నాయి: యూదా అధికారి జెరుబ్బాబెలు, ప్రధానయాజకుడు యెహోషువ. ఒకరు పరిపాలకుడు, ఒకరు గుడి పెద్ద. ప్రజలందరూ విన్నారు, నిజమే. వారి అలసత్వాన్ని కూడా అతడు తప్పు పట్టాడు, దాన్ని దాచను. అయినా నాలుగో వచనంలో అతడు వేలెత్తి చూపింది 'సరంబీ వేసిన ఇళ్ళలో' ఉన్నవారిని. సరంబీ అంటే ఇంటి లోకప్పు కింద చెక్కలతో చేసిన పని. మంచి కలప అరుదైన ఆ కొండ ఊళ్ళలో చెక్క పని ఉన్న ఇల్లు కట్టుకోవడం ఎవరికి సాధ్యమో మనకు తెలియనిది కాదు. పైగా హెబ్రీలో ఇక్కడ ఒక మాటల మెలిక ఉంది: మందిరం 'హారేబ్', అంటే పాడుబడింది, అందుకే దేవుడు నేల మీదికి 'హోరెబ్'ను, అంటే అనావృష్టిని పిలిచాడు. రెంటికీ అవే మూడు హల్లులు. మీరు ఉమ్మడి ఇంటిని ఎలా వదిలేశారో ఉమ్మడి నేల అలా అయింది అని అతడు చెవికి తగిలేలా చెప్పాడు. అతడు అడిగింది కూడా కొండెక్కి మాను కొట్టుకురండి అని. ప్రతి ఇంటి వసూళ్ళ పద్దు తీసుకురమ్మని కాదు.

ఆమోసు దగ్గర ఈ విషయం ఇంకా పదునుగా ఉంటుంది. అతడు హగ్గయి కంటే రెండు శతాబ్దాల ముందువాడు, యూదాలోని తెకోవ ఊరివాడు, పశువులు కాచి మేడిపండ్లు చూసుకునేవాడు. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్ళి, రెండో యరొబాము రాజు కాలంలో, వ్యాపారం బాగా సాగి కలవారి ఇళ్ళు చెక్కిన రాళ్ళతో లేచిన రోజుల్లో మాట్లాడాడు. 1910లో ఆ రాజ్యపు రాజధాని షోమ్రోను త్రవ్వకాల్లో దొరికిన కుండ పెంకుల మీద పాత ద్రాక్షారసం, మేలైన నూనె ఏ ఊరి నుంచి ఎవరి పేరున రాజధానికి చేరాయో రాసి ఉంది. ఆ పెంకులు ఆ శతాబ్దానివే. పల్లెల్లో పిండింది పట్నానికి ఎలా చేరేదో అవి చూపుతాయి. ఆమోసు నాలుగో అధ్యాయంలో 'దంతశుద్ధి' అన్న మాట వస్తుంది. చిన్నప్పుడు అది చదివి, దేవుడు వాళ్ళకు పళ్ళు తోముకోవడం నేర్పాడేమోనని నేను అనుకున్నాను. తినడానికి ఏమీ లేక పళ్ళు శుభ్రంగా మిగలడం అని అర్థం. ఆ వెంటనే, కోతకు ఇంకా మూడు నెలలు ఉండగా వాన ఆపానని, ఒక ఊరి మీద కురిపించి ఇంకో ఊరి మీద కురిపించలేదని, ఒక చేను తడిసి ఇంకో చేను ఎండిందని దేవుని మాటగా చెబుతాడు.

ఈ వచనం చూసి, ఇదిగో, దేవుడు చేనుకు చేనుకు తేడా చూపిస్తాడు గదా అని ఎవరైనా మీతో అనవచ్చు. తరువాతి వచనం చదవమనండి. ఎండిన రెండు మూడు ఊళ్ళవారు దప్పికతో తూలుతూ నీళ్ళున్న ఊరికి వెళ్ళారు. అయినా మీరు నా వైపు తిరగలేదు అని దేవుడు అన్నది ఊళ్ళన్నిటితోనూ. వాన పడిన ఊరు నీతిగల ఊరని ఆమోసు అనలేదు, ఎండిన చేను యజమాని ఎక్కువ పాపి అని కూడా అనలేదు. ఆ అధ్యాయంలో ఐదుసార్లు పల్లవిలా వచ్చే ఆ నింద మొత్తం రాజ్యం మీద. ఆ రాజ్యం చేసిన తప్పేమిటో కూడా అతడు దాచిపెట్టలేదు: ఒక జత చెప్పుల కోసం పేదవాణ్ణి అమ్మేయడం, బీదవాని దగ్గర గోధుమలు గుంజుకోవడం, తూము తగ్గించి తూకం పెంచడం, దొంగ త్రాసు, చచ్చు ధాన్యం అమ్మడం. మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డ రైతుకు ఆమోసు ఎవరి పక్షాన ఉన్నాడో అనుమానం రాదు.

యోవేలు సంగతి క్లుప్తంగా చెబుతాను. గొంగళిపురుగు విడిచింది మిడుత, మిడుత విడిచింది పసరుపురుగు, అది విడిచింది చీడపురుగు తినేసిందని మొదలుపెట్టి, అంజూరపు చెట్టు బెరడు ఒలిచి కొమ్మలు తెల్లబడే దాకా వర్ణిస్తాడు. అది అతిశయోక్తి కాదు. 1915లో పాలస్తీనా మీద పడిన మిడుతల దండు అంజూరపు కొమ్మల బెరడును అలాగే ఒలిచి తెల్లగా వదిలింది. ఆశ్చర్యమేమంటే, ఇంత నాశనం చెప్పిన యోవేలు ఆ ప్రజల ఫలానా పాపం దీనికి కారణమని ఎక్కడా పేరు పెట్టి చెప్పలేదు. ఏడవమన్నాడు, బట్టలు కాదు హృదయం చింపుకోమన్నాడు, దేవుడు మనసు మార్చుకుంటాడేమో 'ఎవరికి తెలుసు' అన్నాడు. ప్రవక్త అయినవాడే అంత జాగ్రత్తగా మాట్లాడిన చోట మనం ఎంత జాగ్రత్త పడాలి?

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది యిర్మీయా గ్రంథం. 14వ అధ్యాయంలో కరువు ఉంది: పెద్దవారు నీళ్ళకు పంపిన పిల్లలు ఖాళీ కడవలతో తిరిగి వస్తారు, సేద్యగాళ్ళు నెర్రెలిచ్చిన నేల చూసి సిగ్గుతో తల కప్పుకుంటారు, పచ్చిక లేక లేడి తాను ఈనిన పిల్లను విడిచిపోతుంది. అది చదివితే తీర్పు చెప్పే నోరు కూడా ఎంత నొప్పితో ఉందో తెలుస్తుంది. యిర్మీయా ఆ రైతుల తరఫున, 'మా దోషాలు' అని తనను కూడా కలుపుకుని ప్రార్థిస్తాడు, దేవుడు వద్దన్నా ఆపడు. ఇక 44వ అధ్యాయం. యెరూషలేము కూలిపోయాక ఐగుప్తుకు పారిపోయినవారికి అతడు, ఈ నాశనం మీరు అన్యదేవతలకు ధూపం వేసినందుకు వచ్చిందని చెబుతాడు. దానికి వారు, ముఖ్యంగా ఆడవారు, ఎదురుతిరిగి అన్న మాట ఇది: ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేసినన్నాళ్ళూ మాకు తిండి పుష్కలంగా ఉంది, ఏ కీడూ లేదు, అది మానినప్పటి నుంచే మాకు అన్నీ కొరత. అవే ఏళ్ళు, అదే కరువు, అదే యుద్ధం. ఇద్దరికీ నేరుగా వ్యతిరేకమైన రెండు అర్థాలు. యిర్మీయా చెప్పిందే సరి అని ఆ గ్రంథం నమ్ముతుంది, నేనూ నమ్ముతాను. కాని అది సరి అని తేల్చింది గాదె కాదు. దిగుబడి చూసి దేవుని మనసు చదవడం మొదలుపెడితే ఎవరి గాదె వారికి కావలసిన దేవుణ్ణే చూపిస్తుంది. మంచి ధర వచ్చిన ఏడు సంఘంలో లేచి, నేను కానుక ఇచ్చాను గనుక ఎకరాకు ఇన్ని క్వింటాళ్ళు వచ్చాయని సాక్ష్యం చెప్పడం కూడా ఆ లెక్కే. దాన్ని మనం సంతోషంగా విని ఆమేన్ అంటాం గనుక, పంట పోయిన ఏడు ఆ లెక్కే తిరిగి మన మీదికి వస్తుంది.

ఒప్పందం మీరితే పంట పోతుంది అన్నంత మాత్రాన, పంట పోయిన ప్రతివాడూ ఒప్పందం మీరాడని తేలదు. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. ఒళ్ళు కాలే ప్రతివాడికీ ఒకే జబ్బు అనము. హెబ్రీ గ్రంథాల్లోనే కారణం చెప్పని కరువులు ఎన్నో ఉన్నాయి. అబ్రాహాము, ఇస్సాకు కరువు వచ్చి ఊరు విడిచారు, వారిని ఎవరూ తప్పు పట్టలేదు. రూతు కథలో బేత్లెహేములో కరువు వస్తుంది. ఆ ఊరి పేరుకే 'రొట్టెల ఇల్లు' అని అర్థం, అయినా ఎవరి పాపం అన్న ప్రశ్న ఆ పుస్తకం వేయదు. దావీదు కాలంలో మూడేళ్ళ కరువు వచ్చినప్పుడు కారణం వెతికితే అది గిబియోనీయులను చంపించిన సౌలు రాజు ఇంట్లో తేలింది, సేద్యగాళ్ళ ఇళ్ళలో కాదు. అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు అతని నష్టం చూసి పాపం ఊహించారు. నా గురించి మీరు సరిగా మాట్లాడలేదని దేవుడు చివర కోపించింది వారి మీద. మీ చేను మీద పడిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా ప్రాంతపు పురుగు. 2021–22 పంటకాలంలో అది రెండు తెలుగు రాష్ట్రాల మిర్చి చేలను ఊడ్చినప్పుడు ఏ గట్టు దగ్గరా ఆగి, ఈ ఇంటివారు దశమభాగం ఇచ్చారా అని అడగలేదు.

మలాకీకి వద్దాం. మూడో అధ్యాయంలో దశమభాగం గిడ్డంగికి తెమ్మని, తినివేసే పురుగును గద్దిస్తానని ఉంది. అది మీ సంఘంలో చదివారు. అదే అధ్యాయంలో ఐదో వచనం చదివారో లేదో నాకు తెలియదు. కూలివాని కూలి బిగబట్టేవారి మీద, విధవరాలినీ తండ్రిలేనివాణ్ణీ బాధపెట్టేవారి మీద నేనే సాక్షిగా వస్తానని అక్కడ దేవుడు అంటాడు. అంతకు ముందు రెండో అధ్యాయం నేరుగా యాజకులను పేరు పెట్టి పిలిచి తిడుతుంది. దశమభాగం దేనికి అన్నది ద్వితీయోపదేశకాండం 14:28-29లో ఉంది: మూడేళ్ళకొకసారి ఆ పదో వంతును ఊళ్ళోనే ఉంచి, భూమి లేని లేవీయుడు (గుడి సేవ చేసే గోత్రంవాడు), పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు తిని తృప్తి పొందేలా చేయాలి. సొంత పొలం లేక కౌలు చేసి, రెండేళ్ళు వరుసగా నష్టపోయిన మీ ఇల్లు ఆ గిడ్డంగి తలుపుకు ఏ వైపున నిలబడాలో ఆలోచించండి. నా మట్టుకు, మీ సంఘం ఈ ఏడు మీ ఇంటికి ఇవ్వవలసిందే గాని మీ ఇంటి నుంచి తీసుకోవలసింది లేదని అనుకుంటాను.

ఇంకొక్క విషయం, దాని కోసమే ఇంత రాశాను. హగ్గయి మాట విని కట్టిన ఆలయం క్రీ.పూ. 515లో పూర్తయింది. ఆ తరువాత 70 ఏళ్ళకు, పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి ఇరవయ్యో ఏట, నెహెమ్యా అధికారిగా యెరూషలేముకు వచ్చాడు. అప్పటికి ఆలయం ఉంది, బలులు జరుగుతున్నాయి, యాజకులు ఉన్నారు. అయినా ఆ ఊళ్ళో కరువు ఉంది. నెహెమ్యా ఐదో అధ్యాయంలో జనం వచ్చి మొరపెట్టుకుంటారు: తినడానికి ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువపెట్టాం, రాజు పన్ను కట్టడానికి అప్పు తెచ్చాం, మా పిల్లలు దాస్యంలోకి పోతున్నారు. హగ్గయిని అడ్డం పెట్టుకుని, మీరేదో తప్పు చేసి ఉంటారు అనడానికి నెహెమ్యాకు అంతకన్నా మంచి అవకాశం లేదు. అతడు అనలేదు. అతనికి చాలా కోపం వచ్చింది, ఆ కోపం అప్పిచ్చినవారి మీద. ప్రధానులనూ అధికారులనూ నిలదీసి, పెద్ద సభ కూర్చి, పొలాలూ తోటలూ ఇళ్ళూ, నూటికి ఒకటి చొప్పున తీసుకుంటున్న వడ్డీ ఆ రోజే తిరిగి ఇవ్వమన్నాడు. యాజకులను పిలిచి వారి ముందు ప్రమాణం చేయించాడు. తాను మాత్రం పన్నెండేళ్ళు అధికారి భత్యం ముట్టుకోలేదు.

మీ పాస్టరు గారితో మాట్లాడాలనుకుంటే, సంఘంలో లేచి వాదించకుండా, మీరూ మీ అమ్మగారూ కలిసి ఇంటికి వెళ్ళి, నాన్నగారు ఎలా ఉన్నారో ముందు చెప్పి, తరువాత ఈ నెహెమ్యా ఐదో అధ్యాయం చదివి ప్రార్థన చేయమని అడగండి. చాలామంది బోధకులు కావాలని బాధపెట్టరు. పైవారి నుంచి విన్నదే చెబుతారు. ఆయన వినకపోతే, మీరు విన్నారు గదా, అది చాలు. దశమభాగం మాత్రం అప్పు తెచ్చి ఇవ్వకండి.

నాన్నగారు అన్నం మానడం చిన్న సంగతిగా తీసుకోకండి. ఆయనను ఒంటరిగా చేనుకు పంపకండి, ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలు వేరే చోటికి చేర్చండి, మండలంలోని ప్రభుత్వ వైద్యునికి చూపించండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం ఆయనకు ఉందో లేదో గ్రామ సచివాలయంలో కనుక్కోండి. లేకపోతే వచ్చే పంటకు ముందే అడగండి, పంట నష్టం నమోదు, బ్యాంకు రుణం దగ్గర అది పనికొస్తుంది.

రాత్రి భోజనం అయ్యాక నెహెమ్యా ఐదో అధ్యాయం రెండో వచనం నుంచి ఐదో వచనం వరకు ఆయన చేతనే చదివించండి. ఆ నాలుగు వచనాలూ కుదువపెట్టినవారు స్వయంగా అన్న మాటలు. చదివి ఆయన ఏదైనా అంటే వినండి, ఏమీ అనకపోతే ఆ రోజుకు పుస్తకం మూసేయండి. హగ్గయి తరువాత చదువుకోవచ్చు.